ఆఱవ తరగతి గండము

జూను మాసమున బడులు తెఱచినది మొదలుకొని మరల వేసవికి మూయు వఱకు విద్యను గుఱించి మన పత్రికలలో ముఖ్యముగ వచ్చు వార్తలు రెండే. ఒకటి పదవ తరగతి ఫలితములు. రెండవది ప్రైవేటు పాఠశాలల ఫీజులు. ఫీజుల సంగతి తలిదండ్రులు చూచుకొందురు. ఫలితముల సంగతి అధికారులు చూచుకొందురు. ఈ రెంటికి నడుమ, ఐదవ తరగతి దాటి ఆఱవ తరగతిలో కూర్చున్న బిడ్డ చదువు ఏ దశయం దున్నదని యడుగువారు మాత్రము అరుదు. ఆఱు, ఏడు, ఎనిమిది తరగతుల మూడేండ్ల కాలము మన విద్యావ్యవస్థలో యజమాని లేని పొలము వంటిదై యున్నది. నిజామాబాదు జిల్లాలో పోచంపాడు మొదలు బోధను వఱకు గల ప్రాంతమును దృష్టియం దుంచుకొని నేడీ విషయమును విచారింపదలచితిమి.

ఐదవ తరగతి వఱకు బిడ్డకు ఒక పంతులో ఇద్దరు పంతుళ్లో సర్వమును బోధింతురు. ఆ బిడ్డకు చదువ వచ్చునో రాదో, ఇంట తండ్రి యున్నాడో దేశాంతరమున నున్నాడో, మధ్యాహ్నము తినునో తినదో ఆ యొక్కరికి తెలియును. ఆఱవ తరగతితో ఈ పద్ధతి మాఱిపోవును. తెలుగునకు ఒకరు, హిందీకి ఒకరు, ఆంగ్లమునకు ఒకరు, గణితమునకు ఒకరు, సామాన్యశాస్త్రమునకు ఒకరు, సాంఘికశాస్త్రమునకు ఒకరు. వ్యాయామోపాధ్యాయునితో కలసి ఏడుగురు. ఒక్కొక్కరు దినమునకు ముప్పావు గంట ఆ బిడ్డను చూతురు. ముప్పావు గంటయు ఆ బిడ్డనే చూతురా? నలువదిమందిలో నొకనిగా చూతురు. ఇట్లు బిడ్డకు గురువులు హెచ్చిరి; బిడ్డను పూర్తిగా నెఱిగిన గురువు లేకపోయెను. పదిమందిలో పాము చావదని మన పెద్దలన్నది ఇట్టి స్థలములను జూచియే కాబోలు.

గోదావరికి అడ్డముగా పోచంపాడు కడ నిర్మించిన ప్రాజెక్టునకు 1963 జులై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించిరి. దానినే నేడు శ్రీరామసాగర మందుము. ఆ కాలువల క్రింద సేద్యము చేయువారికి ఆయకట్టు చివరి భూముల గోడు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. కాలువ తలకడ నీరు నిండుగనే పాఱును. ఒక్కొక్క తూమునకు ఒక్కొక్క లష్కరు. తన తూము తెఱచియే యుంచితినని ప్రతివాడును చెప్పును, అది యబద్ధమును కాదు. ఐనను చివరి మడి యెండియే యుండును. ఏ తూములో ఎంత పోయినదో, ఎంత నిలిచినదో లష్కరులు ఒకరితో నొకరు చెప్పుకొననిచో చివరి మడికి నీరు చేరుట కల్ల. మన పాఠశాలలలో ఆఱవ తరగతి బాలుడు ఆ చివరి మడియై యున్నాడు.

ఒక బాలుని నూహింతము. ఆర్మూరు వైపు ఏదేని యొక గ్రామము. తల్లి బీడీలు చేయును. తండ్రి గల్ఫు దేశమున నున్నాడు. బాలుడు ఆఱవ తరగతి. లెక్కల పంతులు నల్లబల్లపై నొక వ్రాతలెక్క వ్రాసి యీయగా పలక ముందఱ పెట్టుకొని మిన్నకుండును. "వీనికి లెక్కలు రావు" అని పంతులు నిశ్చయించును. కాని వాడే సాయంకాలము ఇంట కట్టకు 25 చొప్పున వెయ్యికి 40 కట్టలు లెక్క తప్పకుండ కట్టగలడు. వెయ్యికింత కూలియైనచో ఏడువందలకెంతయో తల్లికి నోటిమీదనే చెప్పగలడు. వానికి రానిది లెక్క కాదు, చదువు. లెక్కలోని వాక్యమును కూడబలుకుకొని చదువులోపల మొదటి మాట మఱచుచున్నాడు. ఈ సంగతి తెలుగు పంతులమ్మకు బాగుగా తెలియును. ఆమె ప్రతిదినము వాని చదువు వినుచునే యున్నది. కాని వాడు లెక్కలలో సున్న తెచ్చుకొనుచున్నాడని ఆమెకు తెలియదు. సామాన్యశాస్త్రము చెప్పువారు వాడు నోటుపుస్తకము వ్రాయడని కోపపడుదురు. వ్యాయామోపాధ్యాయునికి వాడు దూరమునుండి వచ్చు బంతిని గుర్తింపలేడని తెలియును. అనగా చూపు మందమేమో. వంట చేయు స్త్రీకి మఱియొక సంగతి తెలియును: కొన్ని దినములలో వాడు అన్నము తిని మరల తరగతికి పోక యింటికే పోవును, ఆ దినములలో తల్లి కార్ఖానాకు బీడీలు ఒప్పగింపవలసి యుండును. ఏడెనిమిదిమందికి తలయొక ముక్క తెలిసినది. ముక్కలన్నియు ఒకచోట చేరినచో అరగంటలో తేలిపోవు విషయము, చేరకపోవుటచేత మూడేండ్లు నడచి, తొమ్మిదవ తరగతి నడుమ ఆ బాలుడు బడికి రాకుండుటతో ముగియును. అప్పుడు హాజరు పట్టీలో వాని పేరున కెదురుగా ఎఱ్ఱసిరాతో ఒక గీత.

ఇట్టి బాలురు కొలదిమందియే యని సరిపెట్టుకొనుటకు వీలులేదు. 2024 సంవత్సరపు 'అసర్' నివేదిక ననుసరించి, దేశమున గ్రామీణ ప్రాంతములందు ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు సుమారు 71 శాతము; భాగహారము చేయగలవారు సుమారు 46 శాతము. అనగా పదిమందిలో ముగ్గురు ఎనిమిదవ తరగతికి వచ్చియు రెండవ తరగతి పుస్తకము చదువలేరు. వీరిని మన ఉపాధ్యాయులు చూడకపోలేదు. తలకొక గంట చూచి విడిచిరి.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకముగ కొన్ని చిక్కులు కలవు. బోధను కడ శక్కర్‌నగరులో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము ఒకనాడు ఆసియాఖండమున నంతటను పెద్దదని ఈ ప్రాంతమువారు గర్వముతో చెప్పుకొనెడివారు. 2002లో అది ప్రైవేటువారి యాజమాన్యము క్రిందికి పోయెను. 2015 డిసెంబరులో మూతపడెను. తిరిగి తెఱచు మాట అప్పటినుండి ప్రతి యెన్నికలోను వినవచ్చునదే. కర్మాగారము మూతపడిన దనగా యంత్రములు నిలిచిపోవుట మాత్రమే కాదు. నెలజీతముల కుటుంబములు దినకూలి కుటుంబములుగ మాఱుట, పిల్లలు ఒక బడినుండి మఱియొక బడికి సంవత్సరము నడుమ మాఱుట, తండ్రి పని వెదకుకొనుచు పోవుట. చెఱకు, పసుపు పనులు ముమ్మరముగ నుండు మాసములలో తరగతిగదులు పలుచబడుట ఉపాధ్యాయులందఱు ఎఱిగినదే. పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబోయు జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములే పాఠములు తుదిముట్టు మాసములు. 2025 జనవరిలో నిజామాబాదునకు జాతీయ పసుపు బోర్డు వచ్చినందుకు మేమును సంతసించితిమి. పసుపు కల్లములలో పనిచేయు బాలుర హాజరు పట్టీని గుఱించి యే బోర్డును లేదు.

బీడీల సంగతి వేఱుగ చెప్పవలయును. బాలకార్మిక నిషేధ చట్టము 1986లోనే బీడీల తయారీని బాలలకు నిషిద్ధమైన పనుల పట్టికలో చేర్చెను. కాని ఈ పని కార్ఖానాలో జరుగదు, ఇంట జరుగును. చాట తల్లి ఒడిలో నుండును. ఆకు కత్తిరించుటయో కట్టలు కట్టుటయో బిడ్డ చేసినచో అది తల్లికి సహాయమే గాని కూలియని యెవ్వరును తలపరు. అందును ముఖ్యముగ ఆడుబిడ్డలు. 2011 జనాభా లెక్కలలో, అవిభక్త నిజామాబాదు జిల్లాలో అక్షరాస్యత సుమారు 61 శాతము. స్త్రీలలో ఇంచుమించు సగము. అనగా ఇంట బిడ్డ పుస్తకము తెఱచి చూచి 'ఇది తప్పు' అని చెప్పగల తల్లులు ఎందఱుందురో పాఠకులు ఊహింపవచ్చును. 'ఇంటివద్ద చదివింపుడు' అని డైరీలో వ్రాసి పంపు ఉపాధ్యాయుడు ఆ వ్రాత నెవ్వరు చదువుదురో ఒక్కమాఱు ఆలోచింపవలదా?

ఇక భాష. ఈ విషయమున నిజామాబాదునకు చరిత్ర కలదు. నిజాం ప్రభుత్వ కాలమున బడులకు తహతానియా, వస్తానియా, ఫౌఖానియా యని పేర్లు. నేడు మనము చెప్పుకొను తరగతులు ఆనాటి వస్తానియాకు చెందినవి. బోధనభాష ఉర్దూ. తెనుగు బిడ్డ తెనుగున చదువుకొను హక్కు కావలెనని పోరాడిన ఆంధ్రమహాసభ తన యాఱవ సమావేశమును 1937లో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఈ నిజామాబాదులోనే జరిపెను. బిడ్డకు అర్థమగు భాషలో చదువు చెప్పవలెనన్నది నాటి వాదము. నేడు భాష మాఱినది, చిక్కు మాఱలేదు. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణమున సర్కారు బడులలో ఒకటి నుండి ఎనిమిది వఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టిరి. ఒక పుటలో తెలుగు, ఎదురుపుటలో ఆంగ్లము గల పుస్తకము లిచ్చిరి. పేదల బిడ్డలకును ఆంగ్లము రావలెనను కోరికను మేము తప్పుపట్టము. ధనికులు తమ బిడ్డలకు ఆంగ్లము కొని పెట్టుచు పేదలకు మాతృభాషా మాహాత్మ్యమును బోధించుట మాకును రుచింపదు. కాని బోధను పట్టణమున ఇంట ఉర్దూ మాటలాడు బిడ్డ, సరిహద్దు గ్రామములలో మరాఠీ మాటలాడు బిడ్డ, తండాలో లంబాడీ మాటలాడు బిడ్డ, వీరందఱును ఒకే బల్లపై కూర్చుండి తెలుగులో వివరించిన ఆంగ్ల పాఠమును వినుచున్నారు. ఈ బిడ్డ తప్పు చెప్పినపుడు అది గణితము రాకనా, ఆంగ్లము రాకనా, తెలుగు రాకనా? ఏ యొక్క ఉపాధ్యాయుడును తన గంటలో దీనిని తేల్చలేడు. ముగ్గురు కూర్చుండి మాటలాడుకొన్ననే తేలును.

చట్టమేమి చెప్పుచున్నది? 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టపు 24వ సెక్షనులో, ఉపాధ్యాయుడు ఒక్కొక్క బిడ్డ అభ్యసన శక్తిని అంచనా కట్టి అవసరమైన అదనపు బోధన గావింపవలెనని స్పష్టముగ వ్రాసిరి. చక్కని మాటయే. కాని చట్టము 'ఉపాధ్యాయుడు' అని యేకవచనమున చెప్పెను. ప్రాథమిక పాఠశాలలో ఆ యేకవచనము సరిపోవును. ఏడుగురున్నచోట ఎవ్వరా ఉపాధ్యాయుడు? ఏడుగురును తామే యనవచ్చును, ఏడుగురును తాము కామనియు ననవచ్చును. శాసనకర్తలు ఈ సందు గమనింపలేదో, గమనించియు ప్రధానోపాధ్యాయుని వివేకమునకు విడిచిరో మేము చెప్పజాలము.

ఈలోపల దేశమంతటను వివాదము వేఱొకచోట సాగుచున్నది. ఎనిమిదవ తరగతి వఱకు ఎవ్వరిని నిలుపరాదని మొదట చట్టమున నుండెను. 2019లో సవరణ చేసి, ఐదు, ఎనిమిది తరగతులలో పరీక్ష పెట్టి తప్పినవారిని నిలుపు అధికారమును ప్రభుత్వముల కిచ్చిరి. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము తన పాఠశాలలకు ఆ నియమము చేసెను: తప్పినవారికి రెండు నెలలలో మరల పరీక్ష, అందును తప్పినచో అదే తరగతి. నిలుపవలెనని కొందఱు, నిలుపరాదని కొందఱు వాదించుచున్నారు. మా యభిప్రాయమున ఈ వాదములు రెండును బిడ్డను తాకకయే ప్రక్కనుండి పోవుచున్నవి. రాని బిడ్డను పైతరగతికి త్రోసివేయుట సులభము. అదే తరగతిలో మరల కూర్చుండబెట్టుటయు సులభమే. రెంటికిని ఒక్క సంతకము చాలును. ఆ రెండు నెలలలో ఎవ్వరు, ఏమి, ఎట్లు చెప్పవలెనో తేల్చుకొనుటకు మాత్రము ఏడు తలలు ఒకచోట చేరవలయును.

ప్రభుత్వము ఊరకున్నదని చెప్పుట న్యాయము కాదు. ప్రాథమిక తరగతులకు 2022లో 'తొలిమెట్టు'ను, ఆఱు నుండి తొమ్మిది తరగతుల వారికి 2023లో 'ఉన్నతి'ని తెలంగాణ విద్యాశాఖ ఆరంభించెను. బిడ్డలకు మొదట పరీక్ష పెట్టి వారి స్థాయి నెఱిగి తదనుగుణముగ బోధింపుడని వీని సారము. కాని ఇందును లెక్కలవారు లెక్కల పట్టీ, తెలుగువారు తెలుగు పట్టీ వేఱువేఱుగ నింపుదురు. నిర్మాణాత్మక మూల్యాంకనమునకొక పట్టీ, సంగ్రహణాత్మక మూల్యాంకనమునకొక పట్టీ. పట్టీలన్నియు యంత్రములోనికి పోయి రాజధానికి చేరును. రాజధాని వఱకు పోగలిగిన ఆ సమాచారము, స్టాఫు రూములో రెండు కుర్చీల నడుమ నున్న దూరము దాటలేకపోవుట మన కాలపు వింతలలో నొకటి.

స్కూలు కాంప్లెక్సు సమావేశములను జూడుడు. 1964-66 నాటి కొఠారీ కమిషను ఈ యూహను ప్రతిపాదించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము దానినే మరల చెప్పెను. చుట్టుప్రక్కల బడుల ఉపాధ్యాయులు ఒకచోట చేరి తమ కష్టసుఖములు చెప్పుకొనవలెనన్నది ఉద్దేశము. జరుగుచున్నదేమి? విషయముల వారీగా పిలుతురు. పది బడుల గణితోపాధ్యాయులు ఒకచోట, పది బడుల ఆంగ్లోపాధ్యాయులు ఒకచోట కూర్చుందురు. ఇది మంచిదే, భిన్నములు ఎట్లు చెప్పవలెనో ఒకరినుండి మఱియొకరు నేర్చుకొందురు. కాని ఒకే పాఠమును వేఱువేఱు బిడ్డలకు చెప్పువారు కలసికొనుచున్నారు గాని, ఒకే బిడ్డకు వేఱువేఱు పాఠములు చెప్పువారు కలసికొనుట లేదు. మా వాద మంతయు ఈ యొక్క వాక్యములో నున్నది.

ఇతర దేశములలో ఏమి చేయుచున్నారని యడుగుట మనవారికి అలవాటు, కావున చెప్పుదుము. జపానులో ఉపాధ్యాయులందఱికి ఒకే పెద్దగది. అందు ఒకే తరగతికి పాఠములు చెప్పువారి బల్లలు ప్రక్కప్రక్కన నుండును. బల్లలు ఏకమైనచో మాటలును ఏకమగును. దీనికి ధనము పట్టదు, నాలుగు బల్లలు జరుపవలెను, అంతియే. ఫిన్లాండులో ఆఱవ తరగతి వఱకు తరగతి ఉపాధ్యాయుడొక్కడే. ఏడవ తరగతినుండి విషయోపాధ్యాయులు వత్తురు. అయినను వెనుకబడినవారికి సహాయము చేయు ప్రత్యేకోపాధ్యాయుడు బడిలోనే యుండి, వైద్య సహాయకులతోను తరగతి ఉపాధ్యాయులతోను కూర్చుండి, బిడ్డ వారీగా విచారించును. అచ్చట అట్టి సహాయము పొందువారు ఐదింట ఒకరు. కావున అది సిగ్గుపడవలసిన సంగతిగ నెవ్వరును తలపరు. మనచోట 'డల్లు విద్యార్థి' యని పేరు పెట్టి వెనుక బల్లకు పంపుట నేటికిని మానలేదు.

ఐనను మనకు జపాను, ఫిన్లాండులే దిక్కు కాదు. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరున 1981లో వెలసిన ఫౌండేషను, శాంతా సిన్హా గారి నాయకత్వమున రంగారెడ్డి జిల్లాలో పనిలో నున్న బాలలను బడికి తెచ్చినపుడు, అందు సర్కారు ఉపాధ్యాయులే బాలకార్మిక విమోచన వేదికగ ఏర్పడి చేయికలిపిరి. వేసవి శిబిరములలో బిడ్డలకు వయస్సునకు దగిన తరగతి చదువు పట్టించి పాఠశాలలో చేర్పించిరి. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే పురస్కారము వచ్చినది అందఱికి తెలియును; ఆ పనియందు పేరు తెలియని పంతుళ్లు ఇంటింటికి తిరిగినది అంతగ తెలియదు. వయస్సునకు దగిన తరగతి, అందు నిలద్రొక్కుకొనుటకు ప్రత్యేక శిక్షణ యనునవి తరువాత 2009 నాటి చట్టము నాలుగవ సెక్షనులోనికే యెక్కెను. పొలమునుండి బిడ్డను బడికి తెచ్చుటకు పంతుళ్లు కూటమిగ కదలినపుడు, బడిలో నున్న బిడ్డను చదువులో నిలుపుటకు కదలలేరా? 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టినపుడు కనుగొన్న రహస్యమును ఇట్టిదే. అచ్చట పంతుళ్లు బిడ్డలతోనే నివసించుటచేత, సాయంకాలమున వరండాలో నడచుచునే ఒకరి సంగతి మఱియొకరికి చెప్పుకొందురు. పగటి బడిలో ఆ వరండా లేదు. నాలుగు గంటలకు బస్సు వచ్చును.

ఆ వరండాను మనము కాలపట్టికలో కట్టుకొనవలెను. వారమున కొక గంట. శనివారము కడపటి పీరియడు అనుకొందము. ఆ గంట బిడ్డలు ఆటస్థలమున నుందురు, లేదా గ్రంథాలయ పుస్తకములు చదువుదురు. ఆఱవ తరగతి చెప్పువారందఱు ఒక బల్ల చుట్టును కూర్చుందురు. నలువదిమందిని గుఱించియు మాటలాడ బూనినచో ఎవ్వరిని గుఱించియు మాటలాడినట్లు కాదు. కావున ఆ దినమున ఐదుగురు బిడ్డలు చాలును. ఒక్కొక్కరిని గుఱించి 'ఏమి రాదు' అని కాక 'ఏమి వచ్చును' అని మొదలిడవలెను. బీడీల లెక్క వచ్చునన్న సంగతి అట్లే బయటపడును. వంట చేయు స్త్రీని, అటెండరును ఆ బల్లకడకు పిలువవలె ననుట కొందఱికి హాస్యాస్పదముగ తోచవచ్చును. అన్నము వడ్డించు చేతికి తెలిసినది హాజరు పట్టీకి తెలియదు. వ్యాయామోపాధ్యాయుడు బంతి సంగతి చెప్పును. బడికి వచ్చు ఆరోగ్య సిబ్బంది చూపు పరీక్షింతురు. చివర నొక పుస్తకములో రెండే వాక్యములు: ఈ బిడ్డకు ఈ పని ఫలానివారు చేయుదురు, ఫలాని శనివారము మరల చూతుము. వ్రాసినవారి పేరు లేని నిర్ణయము గాలిలో కలియును. కావున పేరు తప్పక యుండవలెను. అరలో పెట్టి తాళము వేయునది కాక, స్టాఫు రూము బల్లపై నుండు పుస్తకము కావలెను. దయచేసి దీనిని మాత్రము 'ఆన్‌లైను' చేయకుందురు గాక!

పైని మనము చెప్పుకొన్న బాలుని సంగతి ఈ బల్లకడ నేమగును? తెలుగు పంతులమ్మ వానిచేత దినమునకు పది నిమిషములు గట్టిగ చదివించును. ఆ పది నిమిషములు ఆమె పాఠమే కానక్కఱలేదు, లెక్కల పుస్తకములోని వాక్యములనే చదివింపవచ్చును. లెక్కల పంతులు రెండు నెలల పాటు వానికి లెక్కను నోట చెప్పి నోటనే జవాబు తీసికొనును. ముందు బల్లపై కూర్చుండబెట్టుదురు. ఎవ్వరేని యొకరు తల్లియొద్దకు పోయి, బీడీలు ఒప్పగించు దినమున వానిని మధ్యాహ్నము పంపివేయుడని కోరుదురు. ఇందు గొప్ప శాస్త్రమేమియు లేదు. ఎవ్వరును ఒంటరిగ చేయలేనిది మాత్రమే యిందున్నది.

దీనికి ఉపాధ్యాయుల వైపునుండి వచ్చు ఆక్షేపణలు మేమెఱుగుదుము. అవి తేలికగ త్రోసివేయదగినవి కావు. ఓటర్ల జాబితాలకు వారే, జనాభా లెక్కలకు వారే, సర్వేలకు వారే. 2024 నవంబరులో ఇంటింటి కులసర్వేకు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను పంపి ఒంటిపూట బడులు నడిపిరి. ఖాళీలు అట్లే పేరుకొనిపోయెను. 2024లో 11,062 ఉపాధ్యాయోద్యోగములకు ప్రకటన వెలువడుటయే ఆ లోటెంతటిదో చెప్పును. బోధనేతరమైన బరువు మోపుచు 'మఱియొక గంట కూర్చుండుడు' అన్నచో వారికి కోపము రాదా? వచ్చును. కావుననే మేము అదనపు గంట యడుగుట లేదు. ఉన్న గంటలలో నొకదానిని విడిపింపుడనుచున్నాము. అధికారులు కోరు పట్టీలలో రెంటిని తగ్గించినచో ఈ గంట దొరకును. ఈ సమావేశమునకు మఱియొక నివేదిక, దానికి ఫొటో, ఫొటోకు యాప్ అని విధించిననాడు ఇదియు మిగిలినవానివలెనే చచ్చును. అట్టి యాజ్ఞ వెలువడినచో దానిని మొదట ఖండించువారము మేమే యగుదుము.

మఱియొక సంగతి చెప్పక తప్పదు. మన బడులలో అదనపు గంట యనునది లేకపోలేదు. పదవ తరగతి వారికి ప్రత్యేక తరగతులు ఉదయమును గలవు, సాయంకాలమును గలవు. వారికి అల్పాహారము పెట్టిన సంవత్సరములును గలవు. మంచి ఉపాధ్యాయులను పదవ తరగతికే కేటాయింతురు. ప్రధానోపాధ్యాయుని ప్రతిష్ఠ ఆ శాతముపైననే యాధారపడి యుండుటచేత వారిని తప్పుపట్టజాలము. జిల్లా విద్యాధికారియు ఆ శాతమునే యడుగును, మంత్రియు ఆ శాతమునే యడుగును. కాని ఆఱవ తరగతిలో పది నిమిషములతో తీరెడి లోటునకు పదవ తరగతిలో రెండు గంటలు పెట్టియు కుదురుట లేదు. ఈ మధ్యలో బడి విడిచినవారు ఆ శాతపు లెక్కలోనికే రారు. ఆఱవ తరగతిలో చేరినవారిలో నెందఱు పదవ తరగతి పరీక్షకు కూర్చుండిరని ప్రతి బడియొద్దను పలకపై వ్రాయించినచో, ఏ బడి గొప్పదో తెలియుటకు వేఱొక శాతము దొరకును. ఈ సూచన కొందఱికి రుచింపదని మాకు తెలియును.

2024లో ఏర్పఱచిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సంఘముల నాయకురాండ్రు అధ్యక్షులు, ప్రధానోపాధ్యాయులు కన్వీనర్లు. ఇంతవఱకు ఆ కమిటీలకు చెప్పిన పని ఎక్కువగ మరుగుదొడ్లు, త్రాగునీరు, విద్యుత్తు, మరమ్మతులు. బాల్కొండ, ఆర్మూరు, బోధను ప్రాంతములలో ఆ కమిటీలలోని తల్లులలో బీడీలు చేయువారు పలువురుందురు. ఏ యింట తండ్రి గల్ఫునుండి డబ్బు పంపుట మానెనో, ఏ యింట చాట పెద్దబిడ్డ ఒడిలోనికి వచ్చెనో వారి కెవ్వరును చెప్పనక్కఱలేదు. వచ్చు నెల కమిటీ కూడినపుడు, గోడకు సున్నము సంగతి తేలిన పిదప, శనివారపు కడపటి గంట కెదురుగా కాలపట్టికలో ఏమి వ్రాసిరని ప్రధానోపాధ్యాయుని వారడుగవచ్చును.